డల్లాస్ పాప ఇండియాకి ఈదొచ్చా?

(తిరుపతిలో వేసవి ఈత శిక్షణ ముగింపు రోజున ఒక కోచ్ చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ముందు తలలు తుడుచుకోండి. తడి జుట్టుతో ఫ్యాన్ కింద కూర్చుని రేపు జలుబు తెచ్చుకుంటే మీ అమ్మలు అడిగేది నన్నే.

పోయిన వారం ఒక నాన్నగారు గేటు దగ్గర నన్ను ఆపారు. "సార్, మా అన్న కూతురు డల్లాస్‌లో బాగా ఈదుతోంది. అమెరికా పాస్‌పోర్టు ఉంది, భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డూ ఉంది. అక్కడ పోటీ ఎక్కువ కదా, మన ఇండియాకి ఆడించొచ్చా?" అన్నారు. అది నిలువుకాళ్ల మీద చెప్పే జవాబు కాదు, ఈ రోజు చెప్తానన్నాను.

ఆయన అడగ్గానే నాకు హాంకాంగ్‌కు ఒలింపిక్ పతకాలు తెచ్చిన ఈతగత్తె షివాన్ హాహీ గుర్తొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చూస్తే మనం "సియోభాన్ హాగే" అని చదువుతాం. నేనూ చాన్నాళ్లు అలాగే చదివాను. అది ఐరిష్ పేరు. 1997లో హాంకాంగ్‌లో పుట్టింది. నాన్నది ఐర్లండ్, అమ్మది హాంకాంగ్. ఐర్లండ్ ప్రధానిగా చేసిన చార్లెస్ హాహీకి మనవరాలి వరస అవుతుంది. ఐర్లండ్‌లో పుట్టిన పౌరుడి బిడ్డ లోకంలో ఎక్కడ పుట్టినా ఆ దేశ పౌరసత్వం వస్తుంది. అంటే ఏ జెండా ఉన్న క్యాప్ పెట్టుకోవాలో తనే తేల్చుకోవచ్చు. హాంకాంగ్ క్యాప్ పెట్టుకుంది. హాంకాంగ్ చైనాలో భాగమే అయినా ఒలింపిక్స్‌లో వేరే జట్టుగా దిగుతుంది. ఒలింపిక్ నిబంధన కూడా అలాగే ఉంటుంది: రెండు పౌరసత్వాలున్నవాళ్లు ఒక దేశాన్ని ఎంచుకోవచ్చు. ఆ దేశం తరఫున ఒకసారి దిగాక ఇంకో దేశానికి మారాలంటే మామూలుగా మూడేళ్లు ఆగాలి.

చదువుకు అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడ కాలేజీ ఈత మన ఇంటర్ కాలేజీ పోటీల్లాంటిది కాదు, ఒలింపిక్ పతకాలు తెచ్చినవాళ్లు పక్క లేన్‌లో ఉంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో సెమీఫైనల్ దాకా వచ్చింది.

తర్వాత 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్. ఆ 200 ఫైనల్ వీడియో ఇంటికెళ్లి చూడండి. యాభై మీటర్ల పూల్‌లో 200 అంటే మూడు మలుపులు. మూడో మలుపు దగ్గర ఆమే ముందుంది. పక్కన ఆస్ట్రేలియా అమ్మాయి ఆరియార్న్ టిట్మస్. ఆఖరి యాభైలో టిట్మస్ అంతకంతకూ దగ్గరికొచ్చి, గోడ దగ్గరకి వచ్చేసరికి దాటేసింది. టిట్మస్ 1:53.50, హాహీ 1:53.92. హాంకాంగ్‌కు ఈతలో అదే మొదటి ఒలింపిక్ పతకం. రెండు రోజులకే 100 మీటర్లలో ఇంకో రజతం. 2024 పారిస్‌లో అవే రెండు పోటీల్లో రెండు కాంస్యాలు. 100లో ఆమె టైమ్ 52.33, రెండో స్థానానిది 52.29. సెకనులో వందో వంతులు నాలుగే తేడా! పిల్లలూ, గోళ్లు కత్తిరించుకోమని చెప్తాను గానీ, ఆ తేడా చూస్తే గోరు కూడా పనికొచ్చేలా ఉంది.

ఇక "చిన్న దేశమైతే సులువు" అనే మాట. సగం నిజమే. ఒలింపిక్స్‌లో ఒక్కో వ్యక్తిగత పోటీకి ఒక దేశం నుంచి ఇద్దరికి మించి పంపరు. అమెరికాలో మూడో స్థానం వచ్చిన పాప ఇంట్లో కూర్చుని టీవీ చూడాలి. ఈతగాళ్లెవరూ అర్హత టైమ్ అందుకోని దేశాలకు ఒక అబ్బాయికీ ఒక అమ్మాయికీ చోటిచ్చే ఏర్పాటూ ఉంది. పారిస్‌కు మన శ్రీహరి నటరాజ్, బెంగళూరు పాప ధీనిధి దేశింఘు అలాగే వెళ్లారు. ధీనిధికి అప్పుడు పద్నాలుగేళ్లు. 200 ఫ్రీస్టైల్‌లో 2:06.96 ఈదింది. హాహీ కాంస్యం టైమ్ 1:54.55. ఆ పన్నెండు సెకన్లు ఏ పాస్‌పోర్టూ తగ్గించదు. నేను ధీనిధిని తక్కువ చేయడం లేదు సుమా. మన స్వర్ణముఖిలో మోకాళ్ల లోతు నీళ్లు చూడాలంటే వానాకాలం రావాలి. మా తరం కపిల బావుల్లో నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని నేర్చుకుంది. ఇక్కడి నుంచి 250 కిలోమీటర్ల దూరంలోని పిల్ల ఒలింపిక్ పూల్‌లోకి దూకే బ్లాక్ ఎక్కిందంటే నాకు అదే పండగ.

ఇంకొకటి. అపార్ట్‌మెంట్ పూల్‌లో టైమ్ చూసుకుని మురిసిపోయే తల్లిదండ్రులు కొందరున్నారు. 25 మీటర్ల పూల్‌లో మలుపులు ఎక్కువ. గోడను తన్నిన ప్రతిసారీ కాస్త వేగం ఉచితంగా వస్తుంది. 2021 డిసెంబర్‌లో అబుదాబిలో హాహీ చిన్న పూల్‌లో 200ను 1:50.31లో ఈదింది, అప్పటికి అది ప్రపంచ రికార్డు. అదే మనిషి, అదే సంవత్సరం, టోక్యో పెద్ద పూల్‌లో 1:53.92. మూడున్నర సెకన్లకు పైగా తేడా. కాబట్టి టైమ్ చెప్పేటప్పుడు పూల్ ఎంతదో కూడా చెప్పండి.

సరే, డల్లాస్ పాప సంగతి. మన రాజ్యాంగం, 1955 పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, వీసా గొడవ లేకుండా వచ్చిపోవడానికి పనికొచ్చే కార్డు. 2008 చివర్లో కేంద్ర క్రీడాశాఖ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని తేల్చింది. అంటే ఆ పాప ముందు అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. ఈ మాట నిన్న ఫోన్‌లో ఆ నాన్నగారికి చెప్పాను. "అయ్యో, అది మాత్రం వద్దులెండి సార్" అన్నారు వెంటనే.

ఆయన ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. ఆయన సొంత కూతురూ మన క్యాంపులోనే ఉంది. డల్లాస్ పాప టైమ్‌లన్నీ ఆయనకు నోటికొచ్చు. ఈ పాప యాభై మీటర్ల టైమ్ నన్ను ఇంకా అడగలేదు. సర్టిఫికెట్ వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాను సార్. ఈ పూల్ పొడవు కూడా రాశాను.