బంతి విసిరే చెయ్యి జావెలిన్‌కి పనికొస్తుందా?

యాంకర్: విశాఖ శ్రోతలకు నమస్కారం. ఒక ఆటలో దూసుకుపోయే పిల్లలు ఇంకో ఆటలోనూ రాణిస్తారా అని చాలామంది అడుగుతున్నారు. స్టూడియోలో అథ్లెటిక్స్ కోచ్ గారు ఉన్నారు. హలో, ఎక్కడి నుంచండి?

కాలర్: గాజువాక నుంచండి. మా గుంటడికి పదిహేనేళ్లు. ఫాస్ట్ బౌలింగ్ ఏస్తాడు. బౌండరీ కాడ్నుంచి బంతి ఇసిరితే కీపర్ చేతిలోనే పడతాది. పీఈటీ సారు జావెలిన్‌లో, అదే ఈటె ఇసిరే ఆటలో ఎయ్యమంటన్నారు. ఏటి చెయ్యమంటారు?

కోచ్: ఆయన ఊరికే అనలేదండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జావెలిన్‌ని 92.97 మీటర్లు విసిరిన పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ కూడా మొదట క్రికెట్ ఆడినవాడే. కానీ బౌండరీ త్రో చూసి మాత్రం నిర్ణయించకండి. బంతి బరువు 160 గ్రాములకు అటూ ఇటూ. మీవాడి వయసుకి జావెలిన్ 700 గ్రాములు. తేలిక వస్తువుని కొరడాలా విసిరే చెయ్యి బరువు పెరిగితే తడబడొచ్చు.

కాలర్: మరి ఎలా తెలుస్తాది?

కోచ్: మూడు పరీక్షలు పెట్టించండి. 30 మీటర్ల పరుగు, నిలబడి ముందుకు దూకడం, 2 కిలోల మెడిసిన్ బాల్‌ని, అంటే వ్యాయామానికి వాడే బరువు బంతిని, రెండు చేతులతో తలమీంచి విసరడం. అథ్లెటిక్స్‌లో ఉన్న అదే వయసు పిల్లలతో పోల్చండి. మూడింట్లోనూ ముందుంటే ప్రయత్నించొచ్చు.

యాంకర్: బౌలింగ్ నుంచి ఏం కలిసొస్తుంది సార్?

కోచ్: ముందు కాలు. కుడిచేతి పేసర్ ఎడమ కాలిని కర్రలా బిగించి, పరుగు వేగాన్ని నడుములోంచి భుజానికి ఎక్కిస్తాడు. జావెలిన్‌కీ అదే కావాలి. కొత్తవాళ్లకి అది నేర్పేసరికి మా తాతలు దిగొస్తారు! చేతి అలవాటే అడ్డం. బౌలర్ మోచెయ్యి చాపి తిప్పుతాడు. ఫీల్డర్ పక్కనుంచి విసురుతాడు. జావెలిన్‌లో చెయ్యి భుజానికి పైనుంచే రావాలి, బలం కర్ర పొడవునా సాగాలి. పక్కనుంచి విసిరితే కర్ర అడ్డంగా ఊగుతుంది. మొన కంటే ముందు తోక నేలని తాకితే ఆ త్రో లెక్కలోకే రాదు. పైగా మోచేతి లోపలివైపు ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ మీద భారమంతా పడుతుంది.

కాలర్: అయితే ఎలా మొదలెట్టాలి?

కోచ్: మొదటి నాలుగు వారాలు నిలబడే విసరాలి. అరచెయ్యి ఆకాశం వైపు, మొన కంటి దగ్గర. తర్వాత మూడడుగులు, అది కుదిరాకే ఐదడుగులు. వారానికి రెండు రోజులు, రోజుకి 25 త్రోలు మించొద్దు. ఆ రోజుల్లో బౌలింగ్ వద్దు, రెండూ అదే భుజం మోయాలి కదా. మోచేతి లోపలివైపు నొప్పొస్తే ఆపేసి డాక్టర్‌కి చూపించండి. ఇంకోటి, ఆర్కే బీచ్ ఇసుకలో ముందు కాలు దిగిపోతుంది. గట్టి నేల మీదే చేయించండి.

యాంకర్: ఒలింపిక్ స్థాయివాళ్లు ఆట మారిస్తే ఇబ్బంది ఉండదనుకుంటాం?

కోచ్: ఒంటితో నెగ్గే ఆటల మధ్య దారి ఉంటుంది. రెబెక్కా రొమేరో 2004లో పడవ పోటీలో వెండి, 2008లో సైక్లింగ్‌లో బంగారం తెచ్చుకుంది. రెండింటికీ తొడల బలం, గుండె దమ్మే మూలం. బంతిని చూసి అంచనా కట్టే ఆటలు వేరు. బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ అంత ఎత్తు, ఎగురుడు ఉండీ 1994లో మైనర్ లీగ్, అంటే కింది స్థాయి బేస్‌బాల్‌లో .202 సగటే సాధించాడు, అంటే ఐదు ప్రయత్నాల్లో దాదాపు ఒక్కటే హిట్. పిచర్, అంటే బంతి విసిరేవాడి చెయ్యి చూసి బంతి ఎటొస్తుందో పట్టే చూపు చిన్నప్పట్నుంచీ వేల బంతులు ఆడితే గానీ రాదు.

యాంకర్: ఇంకో కాలర్, మధురవాడ నుంచి.

కాలర్: మా పాప పదమూడేళ్లది, సార్. ఈతలో జిల్లా స్థాయి. 800 మీటర్లు పరిగెత్తితే మూడో రోజుకే పిక్కల ముందు నొప్పి.

కోచ్: ఊపిరి బాగానే ఉందిగా? గుండె, ఊపిరితిత్తులు ఈత నుంచే వచ్చాయమ్మా. ఎముకలకి గట్టిదనం రాలేదు. నీళ్లు బరువు మోస్తాయి, నేల మోయదు. ముందు నొప్పి పూర్తిగా తగ్గనివ్వండి. తర్వాత ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు, వారానికి మూడు రోజులు. నొప్పి లేకపోతేనే రెండు వారాలకోసారి పరుగుని ఒక్కో నిమిషం పెంచండి. ఎముక మీద ఒకే చోట నొక్కితే జివ్వుమంటే మాత్రం పరుగు ఆపి ఆర్థోకి చూపించండి.

కాలర్: స్పైక్స్, అదే మేకుల బూట్లు కొనమంటారా?

కోచ్: ఇప్పుడే వద్దమ్మా. మడమ కింద మెత్తగా ఉండే మామూలు రన్నింగ్ షూస్ చాలు.