పార్ట్‌టైమ్ లెక్క ఇక్కడే వేసుకుని బయలుదేరండి

శ్రోతలందరికీ నమస్కారం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, మార్కాపురం, ఏ ఊరు చూసినా ఆగస్టు వచ్చేసరికి పైచదువులకి విమానం ఎక్కే పిల్లలు ఉంటున్నారు. ఇప్పుడు రేడియో వింటున్న ఇళ్ళల్లోనే కొన్నిచోట్ల లోన్ కాగితాలు, పొలం దస్తావేజులు బయటికి తీసి ఉంటారు. ఆ ఇళ్ళవాళ్ళతో ముఖ్యంగా మాట్లాడాలని వచ్చాను.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా దగ్గర చదివి వెళ్ళిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు, వాళ్ళలో చాలామందికి వెళ్ళే ముందు ఎవరో ఒకరు చెప్పిన మాట ఇది: "మొదటి సెమిస్టర్ ఫీజు కట్టి పంపించండి చాలు, తర్వాత పిల్లాడే పార్ట్‌టైమ్ చేసుకుని కట్టుకుంటాడు." దయచేసి ఈ మాట నమ్మకండి. పార్ట్‌టైమ్ వద్దని నేను అనడంలేదు, చేయాలి, మంచిదే. కానీ ఆ డబ్బు అక్కడ తిండికీ గది అద్దెకీ సాయపడుతుందే గానీ ఫీజు కట్టదు, ఇక్కడి అప్పు తీర్చదు.

లెక్క చూద్దాం. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి, అదీ క్యాంపస్‌లోనే. గంటకి 12 డాలర్లు ఇచ్చారనుకుందాం, వారానికి 240, నాలుగు వారాలకి 960. అందులో గది అద్దెలో తన వాటా, సరుకులు, ఫోను, బస్సు పోను ఏం మిగులుతుంది? ఇటువైపు 40 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి తీసుకుని ఉంటే వడ్డీ ఒక్కటే నెలకి 36 వేలు దాటుతుంది, అంటే అటూ ఇటూగా 400 డాలర్లు. అప్పులో అసలు తీర్చే సంగతి, ఫీజు సంగతి ఇంకా ఎత్తనే లేదు. బ్రిటన్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళకి 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు చేశారు, డిగ్రీ ఆ పైన చదివేవాళ్ళకి అక్కడా వారానికి 20 గంటలే, అంటే 244 పౌండ్లు. లండన్‌లో అయితే గది అద్దెకే అందులో పెద్ద భాగం పోతుంది.

ఈ లెక్క తెలియక వెళ్ళిన పిల్లాడు రెండో సెమిస్టర్ ఫీజు దగ్గరపడేసరికి టెన్షన్ పడిపోతాడు. తప్పుదారి పట్టేది అప్పుడే. ఊరవతల పెట్రోలు బంకులోనో, తెలిసినవాళ్ళ హోటల్లోనో పని ఉంది, చేతికి నగదు ఇస్తారు, కాగితాల్లో ఎక్కడా ఉండదు అంటారు. అమెరికాలో క్యాంపస్ బయట పని చేయాలంటే ముందుగా అనుమతి ఉండాలి. సబ్జెక్టుకి సంబంధించిన పనికి సీపీటీ (కోర్సులో భాగంగా చేసే శిక్షణ), ఓపీటీ (సబ్జెక్టులో పని అనుభవం కోసం) లాంటి అనుమతులు ఉన్నాయి, అవీ మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే. అనుమతి లేకుండా చేస్తే స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు, పోతుంది, లక్షలు పోసి మొదలుపెట్టిన చదువు మధ్యలో ఆగిపోతుంది. ఇప్పుడు బయటపడకపోయినా రేపు గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టినప్పుడు అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని అడుగుతారు. ఇంకో బాధ ఏంటంటే, దొంగచాటుగా పని ఇచ్చినవాడు జీతం ఎగ్గొడితే పిల్లాడు ఎవరికీ చెప్పుకోలేడు. అలా మోసపోయినవాళ్ళు ఏడుస్తూ ఫోన్ చేస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

బ్రిటన్ వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంటింటికీ భోజనం చేరవేసే డెలివరీ యాప్‌ల పనిని మామూలుగా స్వయం ఉపాధి కింద లెక్కేస్తారు, స్టూడెంట్ వీసా మీద అది కుదరదు. ఇంకొకరి ఖాతా అద్దెకి తీసుకుని చేయడం అంతకంటే ప్రమాదం. 20 గంటలంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, రెండుచోట్ల చేసినా కలిపే లెక్క. ఈ వారం పది గంటలే చేశాను కాబట్టి వచ్చే వారం ముప్ఫై చేస్తానంటే ఒప్పుకోరు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెప్తాను. కెనడాలో 2024 నవంబరు నుంచి క్యాంపస్ బయట వారానికి 24 గంటలు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకి కలిపి 48 గంటలు. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 సగం రోజులు. నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి వెళ్ళే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. సీనియర్ చెప్పాడనో వాట్సాప్ గ్రూపులో వచ్చిందనో వదిలేయకండి.

మరి పని ఎలా దొరుకుతుంది? అమెరికాలో అయితే యూనివర్సిటీ భోజనశాల, లైబ్రరీ, జిమ్, పార్కింగ్ ఆఫీసు, కంప్యూటర్ ల్యాబ్ దగ్గర మొదలుపెట్టండి. సెమిస్టర్ మొదలైన నెలకి వెళ్ళి అడిగితే చాలా పోస్టులు నిండిపోయి ఉంటాయి, అందుకే అడ్మిషన్ ఖాయం అయిన వెంటనే యూనివర్సిటీ ఉద్యోగాల పేజీ చూడటం అలవాటు చేసుకోవాలి. భోజనశాలలో పని త్వరగా దొరుకుతుంది, చాలాచోట్ల ఆ పూట భోజనం కూడా పెడతారు. చదువులో గట్టిగా ఉన్నవాళ్ళు ప్రొఫెసర్ల దగ్గర టీచింగ్ అసిస్టెంట్ (పాఠాల్లో సాయం), రీసెర్చ్ అసిస్టెంట్ (పరిశోధనలో సాయం) పోస్టుల కోసం ప్రయత్నించండి. కొన్ని యూనివర్సిటీల్లో అది దొరికితే ఫీజు కూడా తగ్గుతుంది. పార్ట్‌టైమ్‌తో ఫీజు భారం తగ్గే దారి నాకు తెలిసి ఇదొక్కటే, అది అందరికీ దొరకదు. ప్రొఫెసర్‌కి రాసే ఈమెయిల్ పదిమందికి పంపిన ఒకే కాగితంలా ఉండకూడదు, ఆయన పరిశోధన చదివి, అందులో మీరు ఏం చేయగలరో నాలుగు వాక్యాల్లో రాయండి.

ఉద్యోగం ఖాయమయ్యాక ఇచ్చే లెటరు, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఇచ్చే లెటరు, రెండూ తీసుకుని, అమెరికాలో జీతానికీ పన్నుకీ వాడే సోషల్ సెక్యూరిటీ నంబరుకి దరఖాస్తు పెట్టడానికి వెళ్ళాలి, అక్కడ దిగిన పది రోజుల తర్వాత వెళ్తే మంచిది. ఎఫ్-1 వాళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కోయకూడదు. జీతం చీటీలో కోసి ఉంటే వెంటనే అడగండి, చాలామంది పిల్లలు ఇది చూసుకోకుండా వదిలేస్తున్నారు.

ఇప్పుడు తల్లిదండ్రులకి ఒక మాట. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు మన రొయ్యల రైతులు ఎంత నలిగిపోయారో నేను చూశాను, పొగాకు రేటు పడిన ఏడాది ఒంగోలు వైపు ఇళ్ళల్లో పరిస్థితీ తెలుసు. అలాంటప్పుడు "ఏందబ్బయా, నువ్వన్నా కాస్త పంపించు" అని నోటివెంట వచ్చేస్తుంది, తప్పుపట్టను. కానీ చదువు పూర్తి కాని పిల్లాడు ఆ మాట వింటే 20 గంటల దగ్గర ఆగడు. పెళ్ళిళ్ళలో బంధువులు "మీవాడు నెలకి ఎంత పంపుతున్నాడు" అని అడిగితే, చదువుకుంటున్నాడని చెప్పండి చాలు. అక్కడ గిన్నెలు కడుగుతున్నాడని తెలిస్తే దాచకండి, అది గౌరవమైన పనే. మన ఊరి మెస్సులో ప్లేట్లు తీసే కుర్రాడిని కూడా మర్యాదగా పిలవడం పిల్లలకి ఇక్కడే నేర్పండి.

లోన్ సంతకం పెట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని, పార్ట్‌టైమ్ ఆదాయం సున్నా అనుకుని రెండేళ్ళ ఖర్చు రాయండి. ఫీజు, అద్దె, ఇన్సూరెన్స్, విమానం టికెట్టు, ఇక్కడి వడ్డీ, అన్నీ. ఆ కాగితం కుదిరితే వెళ్ళండి. కుదరకపోతే తక్కువ ఫీజు ఉన్న యూనివర్సిటీ చూడండి, లేదంటే ఒక ఏడాది ఇక్కడ ఉద్యోగం చేసి కొంత కూడబెట్టుకుని వెళ్ళండి. ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు.