లైబ్రేరియన్‌కు పాఠం చెప్పడం నేర్పండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు చదివారు, నేను మళ్ళీ చదవను. నాకు ఇచ్చిన అంశం ‘పాఠశాల గ్రంథాలయాల్లో సాంకేతిక వనరుల వినియోగం’. వినియోగం గురించి కొంచెమే చెబుతాను. ఆ వనరులతో పిల్లలకు చదువు చెప్పవలసిన లైబ్రేరియన్ గురించి ఎక్కువగా చెబుతాను. అంశం తప్పానని అధ్యక్షులవారికి అనిపిస్తే మన్నించాలి, ఈ మాట అనడానికే వచ్చాను.

ఈ రోజు ఆగస్టు 12, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్‌గారి జయంతి. ఏటా ఆయన పటానికి దండ వేసి, గ్రంథాలయాలకు ఆయన చెప్పిన అయిదు సూత్రాలూ అప్పజెబుతాం. ఆయన లెక్కల మాస్టారన్న సంగతి మాత్రం ఎవరమూ తలుచుకోం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా చేరిన కొద్ది రోజులకే అక్కడి ఒంటరితనం భరించలేక, తనను మళ్ళీ పాఠాలు చెప్పుకోనివ్వమని అంతకు ముందు లెక్కలు చెప్పిన ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళి అడిగారు. ముందు లండన్ వెళ్ళి చదువుకుని రమ్మన్నారు, వచ్చాక కూడా మనసు మారకపోతే పాత ఉద్యోగం ఇస్తామన్నారు. వెళ్ళారు. అక్కడి గ్రంథాలయాలు పిల్లలకూ, కార్మికులకూ, గృహిణులకూ ఏం చేస్తున్నాయో కళ్ళారా చూశారు. తిరిగి వచ్చాక పాత ఉద్యోగం అడగలేదు. పాఠం చెప్పే మనిషికి గ్రంథాలయంలో కూడా పాఠం చెప్పే చోటు కనిపించింది కాబట్టే అడగలేదని నేను నమ్ముతాను.

మన దగ్గరా అంతే. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో గ్రంథాలయాల తొలి మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు కానివ్వండి, 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణంగారు కానివ్వండి, పుస్తకం బీరువాలో ఉంటే చాలనుకున్నవారు కారు. ఆ రోజుకు పడవే కొత్త సాధనం. జనం ఎక్కడ కూర్చుని ఉంటారో చూసుకుని, అక్కడికి పుస్తకం పంపారు.

ఇప్పుడు మన చట్టం చూడండి. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని రాశారు. వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని రాశారు. చాలా మంచి మాట. అదే షెడ్యూలులో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, పిల్లలు వంద మందికి మించితే, చిత్రలేఖనం వంటి కళలకూ, వ్యాయామ విద్యకూ, పని విద్యకూ పార్ట్‌టైం బోధకులు ఉండాలన్నారు. లైబ్రేరియన్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. గ్రంథాలయం ఉండాలట, దాన్ని నడిపే మనిషి అక్కర్లేదట! బడుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా పుస్తకాలకు గ్రాంటు వస్తుంది. ఆ పుస్తకాలు ఎవరి చేతికి వస్తాయి? జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలాచోట్ల తెలుగు పండితులో, డ్రిల్లు మాస్టారో ‘ఇన్‌చార్జి’. పుస్తకం పోతే జీతంలో కోస్తారన్న భయం. ఆ భయంతోనే బీరువాకు తాళం. వాళ్ళను తప్పు పట్టను. తాళం చెవి ఇచ్చిన ప్రభుత్వం, ఆ పుస్తకంతో పిల్లవాడికి ఏం చేయాలో నేర్పలేదు.

పోనీ మాలాంటి అసలు లైబ్రేరియన్ల సంగతి? నవోదయల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో, గురుకులాల్లో పోస్టులు ఉన్నాయి. తెలంగాణ గురుకులాలకు 2023లో ఒక్కసారే 434 పాఠశాల లైబ్రేరియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చారు. సంతోషం. కానీ లైబ్రరీ సైన్సు డిగ్రీలో మేము చదివింది వర్గీకరణ, సూచీకరణ, నిర్వహణ. ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి పీరియడు నడపడం అందులో లేదు. బీఎడ్‌లో టీచింగ్ ప్రాక్టీసు ఉంది, గ్రంథాలయాన్ని పాఠంలో ఎలా వాడాలన్నది లేదు. ఈ రెండు డిగ్రీల మధ్య గోడ ఉంది. ఆ గోడ పక్కన మన పిల్లలు నిలబడి ఉన్నారు.

సాంకేతిక శిక్షణ అని నన్ను ఒకసారి పిలిచారు. ఎక్కడో, ఎవరో చెప్పను. పొద్దున అంతా లాగిన్, పాస్‌వర్డు. మధ్యాహ్నం హాజరు ఫొటో ఎక్కించడం. ఆపైన తెర ఎలా వెలిగించాలి, రంగు పెన్ను ఎక్కడ నొక్కాలి. ఒక్క పాఠ్యపుస్తకం తెరవలేదు, ఒక్క పిల్లవాడి ప్రశ్న ప్రస్తావనకు రాలేదు. సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. అమ్మా, ముందు వరుసలో మీరు తల ఊపుతున్నారు, మీకూ అదే జరిగింది కదా? మనందరికీ అదే జరిగింది. తెర వెలిగించడం పిల్లలకే మనకన్నా బాగా వచ్చు. ఆ తెర మీద వచ్చిందాన్ని ఏం చేయాలో నేర్పడమే మన పని.

ఎలా నేర్పాలి? మా బడిలో జరిగింది చెబుతాను.

2024 సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిన రోజులు. మా గురుకులంలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఇల్లు అక్కడే. వంటశాలలో పనిచేసే అక్క ఫోనులో ఒక వీడియో వచ్చింది. బుడమేరుకు మళ్ళీ గండి పడిందని, జనం పరుగులు పెట్టండని ఎవరో అరుస్తున్నారు. రోడ్డు మీద ఎర్రటి నీళ్ళు. ఆ పిల్ల చూసింది. వాళ్ళ అమ్మానాన్నలు బురద కడుక్కోవడానికి అంతకు ముందు రోజే ఇంటికి తిరిగి వెళ్ళారు. హాస్టలంతా ఏడుపు. ప్రిన్సిపాల్ మేడం ఫోన్ చేస్తూనే ఉన్నారు, కలవడం లేదు.

ఆ పిల్లనూ, చుట్టూ చేరినవాళ్ళనూ లైబ్రరీలోకి తీసుకొచ్చాను. మా సోషల్ టీచర్ కూడా వచ్చారు. వీడియో ప్రొజెక్టరు మీద వేశాం. టీచర్‌గారు ముందు చేసిన పని, శబ్దం తీసేయడం. మనిషి అరుపు ఆగిపోగానే పిల్లలు బొమ్మను చూడడం మొదలుపెట్టారు. తర్వాత ఒకచోట ఆపి, ‘ఏం కనిపిస్తోంది?’ అని మాత్రం అడిగారు. నీళ్ళు, ఆటో, కొబ్బరిచెట్టు, కిరాణా కొట్టు. కొట్టు మీద బోర్డు. ఒక పిల్ల లేచి, ‘మేడం, అవి తెలుగు అక్షరాలు కావు’ అంది. మరి ఏ భాష? నాకు తెలుసు, మలయాళం. నోటి దాకా వచ్చింది. టీచర్‌గారు నన్ను కళ్ళతోనే వారించారు. పిల్లలు బుర్రలు పెట్టారు. చివరికి ఒకమ్మాయి వంటక్కను అడిగి పది రూపాయల నోటు తెచ్చింది. నోటు వెనక 15 భాషల్లో విలువ రాసి ఉంటుంది. ఒక్కో వరుసా బోర్డుతో పోల్చుకుంటూ వెళ్ళి, ఇదే, ఇదే అని అరిచింది.

అంటే బొమ్మ కేరళది, గొంతు మాత్రం మనది. ఎవరో అతికించారు.

అక్కడితో ఆగితే సగం పాఠమే. వీడియో అబద్ధమైనంత మాత్రాన గండి పడలేదని రుజువైనట్టా? ఈ ప్రశ్న నేను వేశాను. అప్పుడు ఆ వారం దినపత్రికలు బల్ల మీద పరిచాం. బుడమేరు మళ్ళింపు కాలువకు పడిన మూడు గండ్లను పూడుస్తున్నారని, సైన్యం కూడా దిగిందని వార్తలు ఉన్నాయి. పటంలో బుడమేరు నీటిని అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటరు వెతికారు, అక్కడి నుంచి సింగ్ నగర్ మీదుగా కొల్లేరు దాకా వేలితో గీసుకుంటూ వెళ్ళారు. ఆ రోజు అధికారులు ఏం ప్రకటించారో నెట్‌లో చూశాం. వదంతులు నమ్మవద్దన్నారు. సాయంత్రానికి ఫోను కలిసింది, వాళ్ళ నాన్న క్షేమంగా ఉన్నాడు. ఆ రాత్రి ఆ పిల్లలే కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి భోజనశాల గోడకు అంటించారు: ఇది మొదట ఎవరు పెట్టారు, ఎప్పటిది, ఎక్కడిది, ఇంకెవరు చెబుతున్నారు.

మిత్రులారా, ఆ గంటలో వాడిన సాధనాలు చూడండి. ప్రొజెక్టరు ఉంది, నెట్ ఉంది. దినపత్రిక కూడా ఉంది, పటం ఉంది, పది రూపాయల నోటు ఉంది. వీటన్నిటికన్నా పెద్దది, జవాబు తెలిసీ చెప్పకుండా ఆగడం. అది ఏ కంప్యూటర్ శిక్షణలోనూ నాకు చెప్పలేదు. పక్కనున్న టీచర్‌ను చూసి నేర్చుకున్నాను. అందరికీ పక్కన అలాంటి టీచర్ దొరకరు కదా! అందుకే ప్రభుత్వం నేర్పాలి.

ఇంకో సంగతి. ఇవాళ కృత్రిమ మేధ బోర్డు మీద చక్కటి తెలుగు అక్షరాలు కూడా రాసి పెట్టగలదు. బోర్డు చూసి కనిపెట్టే ఉపాయం రేపు పనిచేయదు. కాబట్టి ఒక్కసారి ఇచ్చి వదిలేసే శిక్షణ చాలదు, ఏటా కావాలి. కేరళలో ‘సత్యమేవ జయతే’ పేరుతో బడిపిల్లలకు తప్పుడు సమాచారాన్ని గుర్తించడం నేర్పించారు. మనం ఎందుకు చేయలేం?

వనరులకు కొదవ లేదు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, వాటి వెనక ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షాలో పాఠాలు ఉన్నాయి. స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చన్న స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి అచ్చు వేసుకోవచ్చు, పిల్లలతో అనువాదం చేయించవచ్చు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు ఉన్నాయి. లైసెన్సు అంటే ఏమిటో, ఇంకొకరి బొమ్మ వాడుకుంటే పేరు ఎందుకు చెప్పాలో పిల్లలకు బోధించేది ఎవరు? ఏ సబ్జెక్టు సిలబస్‌లోనూ అది సరిగ్గా ఇమడదు. అది మన సబ్జెక్టు. నెట్ రాని ఊరి బడిలో ముందే దింపిపెట్టుకుని చూపించాలన్న ముందుచూపు కూడా మన పనే.

వేదిక మీదున్న విద్యాశాఖ అధికారులకు చేతులు జోడించి అడుగుతున్నాను. లైబ్రరీ సైన్సు విద్యార్థిని బడికి పంపి, ఉపాధ్యాయుడి పక్కన పాఠం చెప్పించండి. టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా విద్యా శిక్షణ సంస్థల తలుపులు మాకు తెరవండి. టీచర్లు, లైబ్రేరియన్లు ఒకే గదిలో కూర్చుని ఒకే పాఠానికి కలిసి ప్రణాళిక వేసుకునే శిక్షణ పెట్టండి. టీచర్ రాని తరగతిలో పిల్లలను కూర్చోబెట్టడానికీ, హాజరు వివరాలు ఎక్కించడానికీ లైబ్రేరియన్‌ను వాడుకోవడం మానండి. పోయిన పుస్తకానికి జీతంలో కోత లేదని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి, వందల బీరువాల తాళాలు మర్నాడే తెరుచుకుంటాయి.

ఈ కోరికలన్నీ వినతిపత్రంగా రాసి, ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాం. లైబ్రేరియన్లే కాదు, ఇన్‌చార్జి బాధ్యత మోస్తున్న తెలుగు పండితులూ, వ్యాయామ ఉపాధ్యాయులూ కూడా సంతకం చేయాలి. మీ బడిలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయో, ఎన్ని పిల్లల చేతికి వెళ్తున్నాయో సంతకం పక్కనే రాయండి. భోజనాల తర్వాత ఇక్కడే రెండు గంటలు కూర్చుందాం. ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం తెచ్చాను. తలా ఒక పాఠం తీసుకుని, దాన్ని లైబ్రరీలో ఎలా చెబుతారో ఒకరి ముందు ఒకరు చెప్పి చూపిద్దాం. అధికారులు కూడా ఉండి చూడాలని మనవి.