పడమటి కిటికీకి తెర

శ్రోతలకు నమస్కారం.

కొత్త ఇంట్లో దిగగానే మనలో చాలామంది బజారుకు వెళ్లి కర్టెన్లు కొనుక్కొచ్చేస్తాం. సోఫాకు నప్పిందా, గోడ రంగుకు సరిపోయిందా అని చూస్తాం గాని, ఏ కిటికీలోంచి ఎండ ఏ వేళకు వస్తుందో చూడం. నా మాట విని, కొనే ముందు ఒక్క ఆదివారం ఇంటిపట్టున ఉండండి. ఎండ నేలమీద ఎక్కడిదాకా పాకుతోందో సుద్దముక్కతో గీత గీసి, పక్కన టైము రాసుకోండి. సాయంత్రానికి ఏ కిటికీకి ఏం కావాలో మీకే తెలిసిపోతుంది.

హైదరాబాదులో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. అందుకే నడివేసవిలో దక్షిణపు కిటికీకి పెద్ద బాధ లేదు, పైన సజ్జ ఉంటే చాలు. చిక్కంతా పడమటి కిటికీతోనే. మూడు దాటాక సూర్యుడు దిగి, సజ్జ కిందుగా నేరుగా గదిలోకి వచ్చేస్తాడు. నాలుగున్నరకు మంచం మీది దుప్పటి ముట్టుకుంటే ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా ఉంటుంది.

అలాంటి కిటికీకి లోపల ఎంత మందపాటి కర్టెన్ కట్టినా సగం పనే అవుతుంది. ఎండ అద్దం దాటిందంటే వేడి గదిలోకి వచ్చేసినట్టే. తెర కాలుతుంది, తెరకూ అద్దానికీ మధ్యనున్న గాలి కాలుతుంది, ఆ గాలి పైనుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. కాబట్టి ఎండను అద్దానికి బయటే ఆపాలి. బాల్కనీ అంచునో, సజ్జ కిందో ఒక వెదురు తెర కట్టండి. పొద్దున చుట్టేయొచ్చు, రెండింటికి దించుకోవచ్చు. కింది కొసలు మాత్రం గ్రిల్లుకు కట్టాలి. లేకపోతే గాలిదుమారం వచ్చినప్పుడు అద్దం పగలగొడుతుంది.

వెనకటి రోజుల్లో కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు. ఆ వాసన ఒక్కసారి తెలిసినవాళ్లు మరిచిపోరు. తెలంగాణలో, రాయలసీమలో ఈనాటికీ అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నీరు ఆరుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది కదా, అక్కడి పొడిగాలికి అది సరిగ్గా సరిపోతుంది. కోస్తాలో ఉక్కపోత వేళ గాలిలోనే తేమ నిండి ఉంటుంది. తడిపినా నీరు త్వరగా ఆరదు, ఇంకా ఉక్కపోస్తుంది. అక్కడివాళ్లు నీడతోనే సరిపెట్టుకోవడం మేలు.

ఇక లోపలి తెరలు. మా అమ్మ వీధి కిటికీకి సగం కర్టెనే కట్టేది. అటూ ఇటూ రెండు మేకులు, మధ్యన స్ప్రింగు తీగ, దానికి పాత నేత చీర ముక్క. కొన్నాళ్లకు తీగ నడుమ జారేది, అమ్మ రెండు చుట్లు తగ్గించి మళ్లీ బిగించేది. దారిన పోయేవాళ్లకు లోపలి మనుషులు కనపడరు, పైసగంలోంచి గాలి, వెలుతురు వస్తూనే ఉంటాయి. ఎదుటి ఫ్లాటు చేతికందే దూరంలో ఉన్న ఈ రోజుల్లో ఆ సగం తెర మళ్లీ కట్టుకోవాలని నేను గట్టిగా చెప్తాను. వంటింట్లో మాత్రం పొయ్యి పక్క కిటికీకి బట్ట వద్దే వద్దు.

బట్టకోసం దూరం పోనక్కర్లేదు. మంగళగిరి నూలు ఉంది, మచిలీపట్నం పక్కన పెడనలో అచ్చులు వేసే కలంకారీ ఉంది. కలంకారీని ఎండ నేరుగా పడే కిటికీకి కడితే రంగు వెలిసిపోతుంది. ఉత్తరపు కిటికీకి కట్టండి, లేదా వెనక తెల్ల లైనింగు వేయించండి. నూలు ఏదైనా సరే, కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. నేను ఒకసారి తొందరపడి తడపకుండానే కుట్టించాను. మొదటి ఉతుకుకే మూడంగుళాలు పైకెక్కి కూర్చుంది. కిటికీ కింద గోడ కనపడుతుంటే ఏడాదంతా మనసు చివుక్కుమంటూనే ఉంది.

కొలత కిటికీకి కాదు, రాడ్డుకు తీసుకోవాలి. రాడ్డు కిటికీ కంటే అటూ ఇటూ ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉంటే, తెర పక్కకు లాగినప్పుడు గోడమీదికి వెళ్లిపోతుంది, కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. నాలుగడుగుల కిటికీకి ఐదడుగుల రాడ్డు. దానికి రెండింతలు, అంటే పదడుగుల వెడల్పు బట్ట ఉంటేనే కుచ్చిళ్లు నిండుగా పడతాయి. 44 అంగుళాల పన్నా అయితే మూడు పన్నాలు కావాలి. రింగుల కర్టెన్ అయితే ఒక్కో తెరకు రింగులు సరిసంఖ్యలో ఉండాలి. ఆరో, ఎనిమిదో. బేసి సంఖ్య పడిందా, ఒక అంచు గోడవైపు తిరిగితే రెండోది గదిలోకి పొడుచుకొస్తుంది.

బ్రాకెట్టు బిగించేటప్పుడు డ్రిల్లు నుంచి రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక, బూడిదరంగులో వచ్చి డ్రిల్లు మొరాయిస్తే అది కిటికీ పైనున్న కాంక్రీటు లింటలు. లోపల ఇనుప చువ్వ తగిలితే బలం చేయకుండా అంగుళం జరపండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన మాత్రం రంధ్రం వేయకూడదు, వైర్లు సాధారణంగా ఆ దారినే వస్తాయి. రెండు బ్రాకెట్లూ ఒకే ఎత్తున ఉన్నాయో లేదో మేస్త్రి రసమట్టంతో చూసుకోండి. కప్పునుంచి కొలిస్తే సరిపోతుందనుకుంటాం గాని, పాత ఇళ్ల కప్పులే ఒక పక్కకు వాలి ఉంటాయి.

పసిపిల్లలున్న ఇంట్లో తాడు లాగి ఎత్తే బ్లైండ్లు వద్దని చేతులెత్తి అడుగుతున్నాను. వేలాడే తాడు మెడకు చుట్టుకుంటే పిల్లవాడు అరవనైనా అరవలేడు. అమెరికాలో దుకాణాల్లో రెడీమేడ్‌గా అమ్మే బ్లైండ్లకు తాడు లేకుండానో, చేతికి అందకుండానో ఉండాలని 2018 చివరినుంచి ప్రమాణం పెట్టారు. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఈ రోజే ఆ తాడును పెద్దవాళ్ల ఎత్తున గోడకు కొక్కెం వేసి చుట్టేయండి, ఉయ్యాలను, మంచాన్ని ఆ కిటికీనుంచి దూరంగా జరపండి.

ఆఖరుగా, కింది అంచు అప్పుడే కుట్టించేయకండి. పిన్నులు పెట్టి మూడు రోజులు వేలాడనివ్వండి. నేత బట్ట తన బరువుకు తాను కొంచెం సాగుతుంది. నాలుగో రోజు నేలమీద కూర్చుని, తడిగుడ్డ పెట్టి తుడిచినా తగలకుండా అర అంగుళం వదిలి, అప్పుడు మడత వేయండి.

నమస్కారం.