కెమెరాయే తీస్తే, ఇక నా పనేముంది?

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. ఆరేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. మా మామయ్య బొమ్మలు వేస్తారు. "తీసేది కెమెరా, నువ్వు బటన్ నొక్కుతావు, అంతేగా" అంటారు. దాంతో ఈమధ్య ప్రతి ఫొటోకీ వాటర్‌కలర్ ఎఫెక్ట్ వేస్తున్నాను. ఎగ్జిబిషన్‌కి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. అవి నావిలా అనిపించడం లేదు.

నిపుణురాలు: ఆ మాట మీకంటే ముందు చాలామంది పడ్డారమ్మా. 1839లో దాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి బయటికొచ్చిన కొన్నాళ్ల నుంచే ఉంది. దాన్ని తప్పించుకోవాలని ఒక తరం మీలాగే చేసింది. జిగురులో రంగు కలిపి వేసే గమ్ ప్రింట్ల మీద బ్రష్‌తో రంగు కడిగి, పెయింటింగ్‌లా కనిపించేలా చేశారు. వాళ్లను తక్కువ చేయను. 1905లో న్యూయార్క్‌లో స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫర్ గ్యాలరీ తెరిచి ఆ ఫొటోలను గోడకెక్కించబట్టే జనం ఆగి చూశారు. కానీ 1932లో అమెరికాలోనే ఎఫ్/64 అనే బృందం ఆ ముసుగు వద్దంది. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, దగ్గరి రాయి నుంచి దూరపు కొండ దాకా స్పష్టంగా తీశారు.

శ్రోత: అలా తీస్తే కెమెరా పనేగా అంటారు మామయ్య.

నిపుణురాలు: అయితే ఇది చెప్పండి. ఆ బృందంలోని ఆన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ కొండను తీశాడు. ముందు పసుపు ఫిల్టర్ పెట్టాడు. ఆకాశం మామూలుగానే వస్తుందని, తన మనసులో ఉన్నది రాదని వెంటనే తోచింది. అప్పట్లో ఫిల్మ్‌లా వాడే గాజు ప్లేటు ఇంకొక్కటే మిగిలింది. ఎర్ర ఫిల్టర్ మార్చి తీశాడు. ఆకాశం దాదాపు నల్లగా వచ్చి, కొండ మన మీదికి వస్తున్నట్టు నిలబడింది. అదే కెమెరా, అదే కొండ. మారింది అతని నిర్ణయం ఒక్కటే.

వ్యాఖ్యాత: మరి ఈ అమ్మాయి ఏం పంపాలి?

నిపుణురాలు: మీకు బాగా ఇష్టమైనది ఏది?

శ్రోత: కిటికీ దగ్గర మా అమ్మ చేతులు.

నిపుణురాలు: ఎఫెక్ట్ తీసేసి ప్రింట్ వేయించండి. ఒక్కటి కాదు, మూడు నాలుగు. నీడ ఒకదాంట్లో ముదురుగా, ఒకదాంట్లో లేతగా ఉండాలి. గోడకి పెట్టి రెండు రోజులు చూడండి.

శ్రోత: చేతి మీద కాలిన మచ్చ ఉందండీ. చెరిపేశాను.

నిపుణురాలు: అయ్యో, ఆ మచ్చ ఉండనివ్వండమ్మా.