"డైవోర్స్": ఎవరూ పట్టించుకోని మంచి సిరీస్

తమ్ముడు: అక్కా, సిరీస్ పేరు "డైవోర్స్", నువ్వేమో కామెడీ అంటున్నావు. విడాకుల్లో కామెడీ ఏముంటుంది?

అక్క: మొదటి ఎపిసోడ్ చెప్తా విను. న్యూయార్క్ దగ్గర హేస్టింగ్స్ ఆన్ హడ్సన్ అని చిన్న ఊరు. ఫ్రాన్సెస్, రాబర్ట్ మొగుడూపెళ్ళాలు, ఇద్దరు పిల్లలు. ఫ్రెండ్ డయాన్ యాభయ్యో పుట్టినరోజు పార్టీకి వెళ్తారు. అక్కడ డయాన్‌కీ మొగుడు నిక్‌కీ గొడవ ముదిరి ఆవిడ తుపాకీ తీస్తుంది, ఆయనేమో గుండెపోటుతో కుప్పకూలిపోతాడు. ఆ రాత్రే ఫ్రాన్సెస్ "నాకు విడాకులు కావాలి" అనేస్తుంది. తుపాకీ దాకా వెళ్ళిన జంట కాదురా, పక్కన నిలబడి చూసిన జంట విడిపోతోంది!

తమ్ముడు: తప్పు రాబర్ట్‌దా?

అక్క: ఇద్దరిదీ. అందుకే నాకు అంత ఇష్టం. ఫ్రాన్సెస్‌కి జూలియన్ అనే అతనితో సంబంధం ఉంది. విడాకుల మాట వినగానే వాడు జారుకుంటాడు. సరే, మొగుడితోనే సర్దుకుందాం అని ఆమె వెనక్కి వచ్చేసరికి రాబర్ట్‌కి అంతా తెలిసిపోతుంది, తలుపు తియ్యడు, పిల్లలు నిన్ను అసహ్యించుకునేలా చేస్తానంటాడు. తొలి అరగంటలోనే ఇదంతా.

తమ్ముడు: మరి జనం ఎందుకు చూడలేదు?

అక్క: ఫ్రాన్సెస్‌గా చేసింది సారా జెసికా పార్కర్. ఆ పేరు వినగానే "సెక్స్ అండ్ ది సిటీ" అనే పాత సిరీస్‌లో ఆమె చేసిన ఫ్యాషన్ పిచ్చి క్యారీని ఊహించుకుని వచ్చారని నా నమ్మకం. ఇదీ అదే అమెరికా టీవీ ఛానెల్ హెచ్‌బీఓలోనే వచ్చింది కదా, మళ్ళీ ఆ చెప్పులు, ఆ డ్రెస్సులు ఉంటాయనుకున్నారు. ఇక్కడేమో చలికాలం, డబ్బు టెన్షన్, లాయర్లు. ముందు మధ్యవర్తి దగ్గర కూర్చుని మర్యాదగా తేల్చుకుందామనుకుంటారు, ఆ మర్యాద ఎన్నాళ్ళో నిలవదు. దీన్ని సృష్టించింది ఐర్లాండ్ రచయిత్రి షారన్ హోర్గన్, "కెటాస్ట్రఫీ" అనే కామెడీ సిరీస్ రాసిన ఇద్దరిలో ఒకరు. 2016లో మొదలై 2019లో అయిపోయింది. మూడు సీజన్లు కలిపి 24 ఎపిసోడ్లే. రాబర్ట్‌గా థామస్ హేడెన్ చర్చ్ ఎంత బాగా చేశాడో! ఆ గుబురు మీసం, ఆ బొంగురు గొంతు, మనిషి మీద కోపం వచ్చే క్షణంలోనే జాలి కూడా వేస్తుంది.

తమ్ముడు: నీకు ఇంత దగ్గరవడానికి కారణం ఏదైనా ఉందా?

అక్క: నా ఫ్రెండ్ ఒకామె కోర్టు చుట్టూ తిరుగుతున్న రోజుల్లో చూశాను. తనకి కోర్టు కష్టమనిపించలేదట, ఏ రోజు బాబు ఎవరి దగ్గర ఉండాలి అన్నదే నిద్ర లేకుండా చేసిందట. మొదటి సీజన్ చివర్లో ఫ్రాన్సెస్ పిల్లల్ని తీసుకుని బయల్దేరితే రాబర్ట్ పోలీసులకి ఫోన్ చేస్తాడు. నేను చెప్తే తనూ చూసింది, ఆ సీన్ దగ్గర ఆపేసి నాకు ఫోన్ చేసింది. ఆ ఆదివారం బాబు వాళ్ళ నాన్న దగ్గర ఉన్నాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం, సిరీస్ గురించి మాత్రం కాదు.