సముద్రానికి చలికాలం ఎప్పుడు?

(విజయవాడలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే నాలుగు రౌండ్లు నడిచి వచ్చినవాళ్లను, చెమట ఆరకముందే కుర్చీల్లో కూర్చోబెట్టి ప్రసంగం వినిపించడం న్యాయం కాదు. కానీ పోయిన వారం బెంచీ దగ్గర నలుగురైదుగురు పట్టుకున్నారు. "మాస్టారూ, డిసెంబరులో రామేశ్వరం వెళ్దామనుకుంటున్నాం. మీరు రైల్వేలో చేశారు కదా, ఎలా వెళ్లాలో చెప్పండి" అని. ఎలా వెళ్లాలో తర్వాత చెబుతాను. ముందు ఎప్పుడు వెళ్లకూడదో చెప్పాలి. అది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం.

మన బెజవాడవాళ్లకు దీవి అంటే భవానీ ద్వీపం. పడవెక్కామా, దిగామా, పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి చీకటి పడేలోపు ఇంటికొచ్చామా, అంతే. రామేశ్వరం ఉన్నదీ దీవిలోనే. పాంబన్ దీవి అంటారు. అయితే దాని చుట్టూ ఉన్నది కృష్ణమ్మ కాదు. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. మనకు నవంబరు దాటితే ఆకాశం తేటపడి, ఎక్కడికైనా బయల్దేరాలనిపిస్తుంది. అక్కడ లెక్క వేరు. తమిళనాడు తీరానికి ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాళ్లకు అసలైన వానాకాలం. 2024 నవంబరులో ఒక్క రోజులోనే రామేశ్వరంలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది.

ఇది తెలియక పదేళ్ల కిందట మేం డిసెంబరు మొదటివారంలో బయల్దేరాం. నేను, మా ఆవిడ, అత్తగారు, బావమరిది కుటుంబం. తెల్లారేసరికి రైలు వంతెనకు ఇవతల మండపం స్టేషన్లో ఆగింది. ఆగింది ఆగినట్టే ఉంది. విషయం నాకు అర్థమైంది. దీవిని ఒడ్డుతో కలిపే పాంబన్ రైలు వంతెన మీద గాలి వేగం కొలిచే పరికరం ఉండేది. అప్పట్లో గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఎర్రగా మారేది, రైలు వంతెన ఎక్కేది కాదు. ఇదంతా వివరంగా చెప్పాను. మా అత్తగారు మొత్తం విని, "అన్నేళ్లు రైల్వేలో చేశారు అల్లుడుగారూ, ఒక్క రైలు కదిలించలేరా?" అన్నారు. మూడు గంటల తర్వాత కదిలింది. ఆ తర్వాత రెండు రోజులూ వానే. స్వామి దర్శనం దక్కింది, మిగతాదంతా లాడ్జి కిటికీలోంచి చూశాం. చలికాలం కదా అని తీసుకెళ్లిన స్వెటర్లు సంచీలో తడిసి ముద్దయ్యాయి. నిజానికి ఆ స్వెటర్లతో పనేలేదు. జనవరి రాత్రుల్లో కూడా అక్కడ మన ఊరికంటే వెచ్చగా ఉంటుంది.

మాది కేవలం ఇబ్బంది. 1964 డిసెంబరు 22 రాత్రి అదే దీవిలో జరిగింది వేరు. దీవి చివర ధనుష్కోటి అని రేవు ఉండేది. మద్రాసు ఎగ్మూరులో బోట్ మెయిల్ ఎక్కితే ధనుష్కోటిలో దిగి, స్టీమరులో సముద్రం దాటి సింహళంలో తలైమన్నారు చేరి, అక్కణ్ణుంచి మళ్లీ రైల్లో కొలంబో వెళ్లేవారు. ఆ రాత్రి తుపానుకు సముద్రం లేచి ఊరి మీద పడింది. పాంబన్ నుంచి వెళ్తున్న 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోటి దగ్గరికొచ్చి, వందమందికి పైగా ప్రయాణికులతో సహా కొట్టుకుపోయింది. తర్వాత ప్రభుత్వం ఆ ఊరు నివాసానికి పనికిరాదని ప్రకటించింది.

ఉప్పెన అంటే మన జిల్లా వాళ్లకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. 1864లో బందరు, సరిగ్గా నూరేళ్లకు 1964లో ధనుష్కోటి, 1977 నవంబరు 19న దివిసీమ. మూడూ ఒకే సముద్రం, ఒకే కాలం. దివిసీమకు సహాయానికి వెళ్లినవాళ్లు ఈ సభలో కూడా ఉన్నారని నాకు తెలుసు. వాళ్లు ధనుష్కోటిలో కప్పు లేని చర్చి గోడల దగ్గర నిలబడితే గైడు అక్కర్లేదు.

ఆ తుపానుకు పాంబన్ వంతెన కూడా దెబ్బతింది. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, రైల్వేవాణ్ణి కదా, క్షమించాలి. 1914 ఫిబ్రవరిలో తెరిచిన వంతెన అది, పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము బతికే చోటు కాదు. అయినా నూరేళ్లు దాటి నిలబడింది. 1964 తర్వాత దాన్ని బాగుచేయడానికి ఆరు నెలలు గడువు అనుకుంటే, ఒక కుర్ర ఇంజనీరు 46 రోజుల్లో పూర్తిచేశాడు. సముద్రంలో పడిన గర్డర్లను వెతికి పైకి తీయించి మళ్లీ వాడాడు. ఆయనే తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన ఇ.శ్రీధరన్. చదివింది ఎక్కడో తెలుసా? మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో.

పాత వంతెన మధ్యలో ఓడలు వెళ్లడానికి రెండు రెక్కలు పైకి లేచేవి. మనుషులు చేతులతో తిప్పితే లేచేవి. 2022 డిసెంబరులో దాని మీద రైళ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రారంభించారు. ఇందులో 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులాగా నిలువుగా పైకి వెళుతుంది. చాలా గొప్ప పని, కాదనను. కానీ పాతదాని మీద రైలు నడిచిపోయే మనిషంత నెమ్మదిగా కదులుతుంటే, తలుపు దగ్గర నిలబడి కింద నీళ్లు చూడటంలో ఒక భయమూ భక్తీ ఉండేవి. కొత్త రైలు ఆ టైమ్ ఇవ్వదు. రోడ్డున వెళ్తే 1988లో తెరిచిన ఇందిరాగాంధీ వంతెన మీదుగా వెళతారు. అక్కణ్ణుంచి రైలు వంతెన కనిపిస్తుంది.

సరే, ఎప్పుడు వెళ్లాలి? సంక్రాంతి దాటాక. సముద్రం సర్దుకోవడం ఒక కారణం. రెండోది మన అయ్యప్ప స్వాములు. మకరజ్యోతి అయ్యేదాకా బస్సుల మీద బస్సులు శబరిమలతో పాటు రామేశ్వరం కూడా చుట్టి వస్తుంటాయి. వాళ్లను తప్పుపట్టడం లేదు, నేనూ మాల వేసినవాణ్ణే. ఇంకో జాగ్రత్త ఉంది. పుష్య బహుళ అమావాస్య, మనం చొల్లంగి అమావాస్య అంటాం, తమిళులకు అది తై అమావాస్య. పితృకార్యాలకు ఆ రోజు రామేశ్వరానికి జనం పోటెత్తుతారు. ఒక ఏడాది జనవరి మధ్యలో, ఒక ఏడాది ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. పంచాంగం చూసుకుని, ఆ రోజుకు అటూ ఇటూ రెండు రోజులు వదిలేయండి. తర్పణాల కోసమే వెళ్లేవాళ్ల సంగతి వేరు.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. అంటే జనవరి 20 ప్రాంతంలో ప్రయాణానికి నవంబరు మూడోవారంలో ఉదయం 8 గంటలకు సిద్ధంగా ఉండాలి. ఇక్కణ్ణుంచి చెన్నై సెంట్రల్‌కు పగటి రైలు, అక్కణ్ణుంచి రాత్రి రైలు. ఆ రెండో రైలు సెంట్రల్లో ఉండదు. ఎగ్మూరా, తాంబరమా అన్నది టికెట్ మీద చూసుకోండి. తాంబరం అయితే ఊరి ఆ చివర. మధ్యలో మూడు నాలుగు గంటలు ఉంచుకోకపోతే టెన్షన్ తప్పదు. మధురై వెళ్లి మీనాక్షమ్మను చూసుకుని, అక్కణ్ణుంచి రోడ్డున 170 కిలోమీటర్లు వెళ్లడం ఇంకో దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నేను అదే చెబుతాను.

బస, భోజనం పెద్ద సమస్య కాదు. తెలుగువాళ్ల సత్రాలున్నాయి, ఇడ్లీ పొంగలికి లోటు లేదు. కారం లేక నాలుక చచ్చిపోతుంది, అంతే. కందిపొడి, గోంగూర పచ్చడి సీసా వెంట ఉంచుకోండి.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. రెండు రాత్రులు ఉండండి. ప్యాకేజీ బస్సువాళ్లు తెల్లవారుజామున దింపి, సాయంత్రం ఎక్కించేస్తారు. అగ్నితీర్థంలో సముద్రస్నానం, గుళ్లో 22 తీర్థాలు, ఒక్కో బావి దగ్గర చేదతో తోడి నెత్తిన గుమ్మరిస్తుంటే పరుగు, బట్టలు మార్చుకుని దర్శనానికి ఇంకో పరుగు. ఆ హడావిడిలో ఆ గుడి ప్రాకారాన్ని ఎవరూ చూడరు. మూడో ప్రాకారంలో 1212 స్తంభాలున్నాయి. ఇసుకా పగడపు రాయీ తప్ప కొండరాయి లేని దీవిలో అంత రాయి ఎలా వచ్చింది? సముద్రం దాటించి తెచ్చారు. రామనాథపురాన్ని ఏలిన సేతుపతులు తరాల తరబడి కట్టించారు. మధ్యాహ్నం మూడింటికి గుడి తిరిగి తెరవగానే వెళ్లి, ఒక మూల స్తంభానికి ఆనుకుని అరగంట కూర్చోండి.

మసీదు వీధిలో అబ్దుల్ కలాం గారి ఇల్లు ఉంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో రామేశ్వరం స్టేషన్లో రైలు ఆపడం మానేస్తే, కదిలే రైల్లోంచి విసిరిన పేపరు కట్టలు ఏరి ఇచ్చేవాడట ఆ కుర్రాడు. అదే ఆయన మొదటి సంపాదన. గంధమాదన పర్వతం అని ఇంకో చోటుంది. ఇంద్రకీలాద్రి ఎక్కేవాళ్లకు అది పర్వతంలా అనిపించదు, ఇసుకదిబ్బ. పైనుంచి దీవి బాగా కనిపిస్తుంది.

ధనుష్కోటికి పొద్దున్నే వెళ్లండి. చీకటి పడేదాకా ఉండనివ్వరు. రోడ్డు చివర అరిచల్ మునై దగ్గర ఒక పక్క నీళ్లు చెరువులా ఉంటాయి, ఇంకో పక్క అలలు విరుచుకుపడతాయి. స్థానికులు ఒకదాన్ని ఆడ సముద్రం, ఇంకోదాన్ని మగ సముద్రం అంటారు. మా ఇంట్లో ఏది ఏదో నేను చెప్పను. అక్కడ నీళ్లలోకి మాత్రం దిగొద్దు, లోపలికి లాగేస్తుంది. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. మన సూళ్లూరుపేట పక్షులే. వాటి కోసం 2025 జూన్‌లో ఆ చోటును అభయారణ్యంగా ప్రకటించారు.

రెండోసారి మేం సంక్రాంతి తర్వాతే వెళ్లాం. అప్పటికి అత్తగారు లేరు. సేతువు దగ్గర ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో కలపాలి, గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయాలి అని ఆవిడ ఎప్పుడూ అనేవారు. మా ఆవిడ అరిచల్ మునై దగ్గర వంగి, హార్లిక్స్ సీసా నిండా ఇసుక నింపుకుంది. ఆ సీసా మా దేవుడి గూట్లో ఉంది. ప్రయాగకు టికెట్ ఇంకా తీయలేదు.